పక్క సీట్లో కోడి

ఆ రోజుల్లో ఫోన్లో చదివిందల్లా నా చేతికి వచ్చేసినట్టే అనుకునేదాన్ని. (చేతికి వచ్చింది ఫోనొక్కటే.) నాకు అన్నయ్య వరసయ్యే మా పిన్ని కొడుకుదీ నాదీ సెకండ్ హ్యాండ్ టూ సీటర్ స్పోర్ట్స్ కార్లు. కంపెనీలు వేరైనా బరువూ ఇంజనూ ఇంచుమించు ఒకటే. మైదానంలో కోన్లు పెట్టి, వాటి మధ్య ఒక్కొక్కరినీ తిప్పించి టైము చూసే పోటీ ఒకటి వైజాగ్‌లో మా క్లబ్బువాళ్లు పెట్టారు. జట్టులో మిగిలింది ఒక్క చోటు. మలుపుల్లో ఎవరి కారు బ్యాలెన్సు బాగుంటే వాళ్లే వెళ్లాలని ఒప్పందం చేసుకుని, సంత లేని రోజు చూసుకుని అరకు వైపు ఒక సంత మైదానానికి వచ్చాం. కోన్లు మరిచిపోయింది నేనే. పక్క కొట్లో వెదురు తట్టలు అడిగి తెచ్చి ఎర్రమట్టి మీద బోర్లించాం.

అన్నయ్య ఒక్క తట్టా తగలకుండా తిరిగొచ్చాడు. నేను మూడు ఎగరగొట్టాను. స్టీరింగు ఎంత తిప్పినా నా కారు ముక్కు తిరగకుండా నేరుగా పోతోంది. ఫోన్లో చూసి టైర్లలో గాలి తగ్గించాను. ఈసారి నాలుగు. "కార్లు మార్చుకుందాం," అని అరిచాను. అన్నయ్య కారు నేను నడిపితే తోక పక్కకి జారి ఐదు పడ్డాయి. నా కారులో అన్నయ్య మాత్రం ఒక్కటీ తాకలేదు. ("కొంచెం ముక్కు మొండి, అంతేనే," అన్నాడు నవ్వాపుకుంటూ.) నేను నా కారుని తిడుతూ ఫోన్ సీట్లోకి విసిరికొట్టాను.

జనం నిండితేగాని కదలని సర్వీసు జీపు ఒకటి పక్కనే ఆగి ఉంది. దాని డ్రైవరూ, కూతురింటికి కోడిని పట్టుకెళ్తున్న ఒక ముసలమ్మా అప్పటిదాకా మమ్మల్నే చూస్తున్నారు.

"ఏటమ్మా, బండినట్టా తిడతన్నావు? మలుపులోకి దూరీసాక బ్రేకేస్తే ఏ బండైనా అలాగే పోద్ది. ముందే ఏసుకోవాల," అన్నాడు డ్రైవరు.

"నాకు తెలుసు."

"తెలిస్తే మరేటి సేత్తన్నావు?" అంటూ డ్రైవరు ముసలమ్మ ఒళ్లోంచి కాళ్లు కట్టిన కోడిని తీసి, నా కారులో పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టాడు. అతనికి ఘాట్ రోడ్డు నేర్పిన మనిషి అలాగే నేర్పాడట. కోడి అరవకుండా మలుపు తిప్పితేనే జీపు పూర్తిగా చేతికిచ్చేవాడట.

"గుంటా, నా కోడికేటైనా అయితే నీ బండి నాకిచ్చీయాల," అంది ముసలమ్మ.

మొదటి మలుపుకే కోడి గోల పెట్టింది. రెండోసారి బ్రేకు ముందే వేసి, స్టీరింగు మెల్లగా తిప్పాను. కోడి మెడ అటూ ఇటూ వంచింది గానీ నోరెత్తలేదు. తట్టలన్నీ నిలిచే ఉన్నాయి. అదే కోడితో అన్నయ్య కారూ నడిపాను. నా కారు ముక్కు మొండితనమూ, ఆ కారు తోక తేలికదనమూ చేతులకి నిజంగా తెలిసింది అప్పుడే. ఆ కారే నయం. ఆ మాట నోటితో అనడానికి మాత్రం జీపు నిండేంతసేపు పట్టింది.

పోటీకి అన్నయ్యే వెళ్లాడు. నేను పక్కన నిలబడి ఫోన్లో టైము చూశాను. (కూతురింట్లో ఆ కోడి ఏమైందో నేను అడగలేదు.) ఇప్పటికీ ట్రాఫిక్‌లో ఎవడైనా అడ్డమొస్తే తిట్టు నోటిదాకా వస్తుంది. అప్పుడు ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు చూస్తాను. బెల్టు పెట్టుకుని కూర్చున్న ఆ కోడి, ఈ పిల్ల ఎప్పటికి నేర్చుకుంటుందా అని మెడ వంచి చూస్తున్నట్టే ఉంటుంది.