తుమ్మే ముందు గోడ పట్టుకునే మనిషి

మా లేబర్ క్యాంపు ఎదురుగా ఉన్న చాయ్ దుకాణంవాడు పోయిన నెలలో స్టూళ్లు తీసేశాడు. బహ్రెయిన్‌లోని ఈ నువైద్రాత్‌లో ఈ మధ్యకాలంలో ఇంత అన్యాయం జరిగినట్టు నాకు తెలియదు. కారణం అడిగితే, "కూర్చుంటే మీరు లేవట్లేదు భాయ్" అన్నాడు. మాట నిజమే కాబట్టి ఇంకా కోపం వచ్చింది. నిలబడి తాగేది చాయ్ కాదు, కషాయం. పైగా నేను ఐదు నిమిషాలు దాటి నిలబడితే ఎడమ తొడ వెనక ఎవరో తీగ పట్టి గుంజుతారు. అందుకని సగం గ్లాసు అక్కడే వదిలేసి, కరెంటు స్తంభానికి వీపు ఆనించి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాడిలా నటిస్తాను.

నటించడం నాకు కొత్త కాదు. అసలు సంగతి అక్కడికే వస్తుంది.

పన్నెండేళ్లుగా ఒక విషయం మోస్తున్నాను. సిమెంటు బ్లాకులకన్నా బరువు అని రాస్తే బాగుండేది. కానీ అబద్ధం. బ్లాకులు నేను మోసింది నాలుగు నెలలే. ఆ తరువాత నా వంతు ఇంకొకరు మోశారు. ఆ విషయం అదే.

నా పేరు అడగకండి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఒప్పుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు.

ముందు నా నడుం సంగతి చెప్పనివ్వండి. చెప్పుకోవడానికి మనిషి దొరక్క ఏడాదిన్నర అయింది. ఎక్స్‌రే తీశారు. స్కానింగ్ తీశారు. "వయసుకు తగ్గట్టే ఉంది" అన్నాడు డాక్టర్, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా. నడుముకు బెల్టు కొన్నాను. దానివల్ల నొప్పి తగ్గలేదు, అన్నం తగ్గింది. మంచం మీద పరుపు తీసి ప్లైవుడ్ వేశాను. ఇక్కడే కర్జకాన్ అనే ఊళ్లో ఒకాయన గాజు గ్లాసులు బోర్లించి చెడు రక్తం లాగేస్తాడంటే సెలవు పెట్టి మరీ వెళ్లాను. వీపు మీద ఏడు గుండ్రటి మచ్చలతో తిరిగొస్తే, మా రూంలో కొత్తగా చేరినతను చూసి, "ఎవడన్న నీ వీపును టేబుల్ అనుకున్నడా ఏందన్నా?" అన్నాడు. నేనే ముందు నవ్వాను. అదొక జబ్బు. రోజూ జోకులేసేవాడు నొప్పి అంటే, వినేవాళ్లు తరువాతి మాట కోసం నవ్వు సిద్ధం చేసుకుని కూర్చుంటారు.

చివరికి ఫిజియోథెరపీ. కేరళ అమ్మాయి, ఓపిక మనిషి. మొదటిరోజే అడిగింది, పదికి ఎంత నొప్పి అని. ఆరు అన్నాను. నిజాయితీగా ఆలోచించి చెప్పిన ఆరు అది. ఆమె తల ఎత్తకుండా రాసుకుంది. ఆ అంకె చూస్తూ కూర్చున్నాను. ఇదే ప్రశ్నకు ఒకప్పుడు తొమ్మిది అని చెప్పాను. ఆ రోజు నాకు ఎక్కడా ఏ నొప్పీ లేదు. నన్ను నమ్మారు.

పన్నెండేళ్ల కిందట బీకాం చదివి, జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి వచ్చాను. ఏజెంటు స్టోరు గుమస్తా అన్నాడు. వీసాలో హెల్పర్ అని ఉంది. బహ్రెయిన్ పోతున్నానంటే, "అది దుబాయిల ఏ దిక్కు?" అని అడిగాడు మా మేనమామ. ఇక్కడ అరాద్ అనే చోట మా కంపెనీవాళ్లు విల్లాలు కడుతున్నారు. నా డిగ్రీని వాళ్లు వెంటనే గుర్తించి, బ్లాకులు పైఅంతస్తుకు మోసే పని ఇచ్చారు.

నా కింది మంచం గంగారాంది. గంగన్న అనేవాణ్ణి. నలభై ఐదు దాటిన మనిషి, మా పక్క మండలమే. ఆయనకు నడుం పోయిందని క్యాంపంతా తెలుసు. బస్సు దిగేటప్పుడు అందరూ ముందుకు దిగితే ఆయన వెనక్కి తిరిగి, రాడ్డు పట్టుకుని, నిచ్చెన దిగినట్టు దిగేవాడు. తుమ్ము వస్తోందంటే చాలు, పరుగెత్తి గోడ పట్టుకునేవాడు. మేం నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు, తుమ్ము అయిపోయాక.

అప్పుడే స్టోరులో సామాన్ రాసే మనిషి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ చోట ఒకరికి లైట్ డ్యూటీ ఇస్తామన్నాడు ఫోర్‌మన్. కూర్చుని చేసే పని, నీడ, ఫ్యాను. డాక్టర్ కాగితం తెచ్చినవాడికే. ఒక్కరికే. రాతపని ఉంది కదా అని ఎవరో అంటే, అంకెలు వేయడం వస్తే చాలు అన్నాడు. అది గంగన్నదే అని అందరూ అనుకున్నారు. గంగన్న కూడా. ఆయనకు తెలుగు తప్ప వేరే మాట రాదు. డాక్టర్‌కు చెప్పడానికి తోడు రమ్మని నన్ను అడిగాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, బట్టలు ఆరేసి వచ్చి మంచాల మీద కూర్చున్నాం.

"ఎట్ల నొస్తదన్నా? సక్కగ చెప్పు. డాక్టర్‌కు చెప్పాలె గదా" అన్నాను.

"ఎట్ల జెప్పాల్రా... కూసుంటె చీమలు పాకినట్టు. లేస్తె తొడ ఎన్కనుంచి తీగ గుంజినట్టు. కాలి చిటికెన వేలు నాదో కాదో ఎరుకైతలేదు. తుమ్మొచ్చిందనుకో, కరెంటు కొట్టినట్టు మడమ దాకా పోతది. గోడ దొర్కకపోతె ఖలాస్."

"ఏ కాలు?"

"ఎడమది." తొడ రుద్దుకుంటూ అన్నాడు. "ఇన్ని దినాలల్ల గిట్ల కూసోబెట్టి అడిగినోనివి నువ్వొక్కనివేరా. మా ఇంటిదన్న అడగలే."

ఆ అడగడం ఎవరికోసం? అప్పటికి నాకు తెలుసా? 'తెలియదు' అని ఇక్కడ ఒకసారి రాసి కొట్టేశాను. తెలుసు. 'ఎట్ల నొస్తది' అన్నప్పుడు తెలియకపోవచ్చు. 'ఏ కాలు' అని అడిగేటప్పటికి తెలుసు. ఆయన చెబుతుంటే నేను వినడం లేదు, పరీక్షకు చదివినట్టు చదువుతున్నాను. ఆ వారమంతా బస్సు దిగుతూ ఆయన అడుగులు చూశాను. ఏ కాలు ముందు పెడతాడు, చెయ్యి ఎక్కడ వేస్తాడు, ఏ మెట్టు దగ్గర మొహం మారుతుంది. ఆయన నన్ను చూసి, వీడు నేను పడిపోకుండా చూస్తున్నాడు అనుకున్నాడు. మనిషి అంత దగ్గరగా చూస్తే ఎవరైనా ప్రేమే అనుకుంటారు కదా.

డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజు, "నాకు గూడ జర ఒళ్లు బాగలేదన్నా, ముందు నేను చూయించుకుని వస్త. ఎన్కనే నిన్ను పిలుస్త" అన్నాను. సరే అన్నాడు. ఆయన ఎదురుగా మామూలుగా లేచి, తలుపు మూసుకున్నాక ఎడమ కాలు ఈడ్చాను. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. చీమలు చెప్పాను. తీగ చెప్పాను. చిటికెన వేలు చెప్పాను. డాక్టర్ మామూలుగానే రాసుకుంటున్నాడు. తుమ్ము దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తాడు. అబద్ధం చెప్పేవాడికి తుమ్ము తోచదని ఆయనకు తెలుసు కాబోలు. పదికి ఎంత అన్నాడు. పది అంటే అతి అవుతుందని తొమ్మిది అన్నాను. కాగితం నా చేతిలో పడింది.

తరువాత గంగన్నను లోపలికి పిలిచాను.

ఇక్కడొక విషయం మీరు నమ్మాలి. ఆయన చెప్పింది నేను తు.చ. తప్పకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట మార్చలేదు. చీమలు, తీగ, చిటికెన వేలు, తుమ్ము. నా జీవితంలో అంత నమ్మకంగా చేసిన పని మరొకటి లేదు. డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. నన్ను చూశాడు, ఆయన్ను చూశాడు. "ఇతనికి నువ్వు బాగానే నేర్పావు" అని నవ్వాడు.

గంగన్నకు ఆ మాట అర్థం కాలేదు. డాక్టర్ నవ్వాడని తనూ నవ్వి, చేతులు జోడించి, నా చెవిలో అడిగాడు.

"ఏమంటుండురా?"

"గోలీలు రాస్తుండన్నా" అన్నాను.

నిజంగానే రాశాడు. ఒక బామ్ కూడా రాశాడు. కింద 'పనికి తగినవాడు' అని రాశాడు. ఆ ముక్క నేను చదివి వినిపించలేదు.

సాయంత్రం స్టోరు పని నాకు వచ్చిందని క్యాంపులో తెలిసింది. రాతపని కాబట్టి డిగ్రీ ఉన్నవాడు కావాలన్నారట అని చెప్పాను. ఫోర్‌మన్ మాట గుర్తున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగన్న మాత్రం నా భుజం తట్టాడు. "మంచిగైంది. సదువుకున్నోనివి, నీకు బ్లాకులేందిరా" అన్నాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. మరిచిపోనిది ఆ చేయి.

ఏడాది పైన మోశాడాయన. తన వంతు, నా వంతు. సాకులు వెతకడంలో నాకు చదువు బాగా ఉపయోగపడింది. నేను కాకపోతే ఇంకొకడు కొట్టేసేవాడు అనుకున్నాను. ఆయన పనికి వెళ్తున్నాడంటే అంత నొప్పి లేదేమో అని కూడా అనుకున్నాను. ఆ నొప్పిని ముక్క ముక్కగా బట్టీ పట్టినవాణ్ణి నేను, నాకే అనుమానం! ఒకరోజు పొద్దున బస్సు అరాద్ చేరాక ఆయన సీటులోంచి లేవలేదు. నలుగురు దింపారు. వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపారు. నేను విమానాశ్రయానికి వెళ్లలేదు, డ్యూటీ ఉంది. అరాద్ మీదుగా రోజూ విమానాలు పోతాయి. ఏది ఆయనదో తెలియదు కనుక ఆ రోజు అన్నిటికీ తల దించుకున్నాను. ఊళ్లో ఆపరేషన్ అయిందనీ, కర్ర పట్టుకుని నడుస్తున్నాడనీ తరువాత విన్నాను. విని ఊరుకున్నాను.

ఇప్పుడు నేను స్టోరు ఇన్‌ఛార్జిని. దాదాపు పన్నెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న నడుం ఇది. పోయిన వారం సిమెంటు దుమ్ముకు తుమ్ము వచ్చింది. నా చెయ్యి నన్ను అడగకుండా వెళ్లి గోడ పట్టుకుంది. తుమ్మాను. మడమ దాకా పోయింది. కరెంటు కొట్టినట్టే. ఆయన ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున, గంగన్న వాళ్ల ఊరతని దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఆయన భార్య, వదిన, ఎత్తింది. ఆయన బోర్లా పడుకుని ఉన్నాడట, ఆమె ఉప్పు మూటతో నడుముకు కాపడం పెడుతోందట. స్పీకర్ పెట్టింది. నా గొంతు వినగానే గంగన్న సంతోషపడ్డాడు. నాకేమో తిన్నగా మొదలుపెట్టడం చేతకాలేదు. "నాకు గూడ నడుం పోయిందన్నా" అన్నాను. అయ్యో అన్నాడు. గోడ పట్టుకుంటే సరిపోదట. తుమ్మే ముందు మోకాళ్లు కొంచెం వంచాలట, తల వంచకుండా పైకి చూడాలట. "నాకు గీ ఉపాయం ఎరుకయ్యేసరికి పదేండ్లు పట్టింది. నీకెందుకు ఆ బాధ" అన్నాడు.

ఆ తరువాత ఒకసారి అలా చేసి చూశాను. ఇన్నాళ్ల వైద్యంలో కాస్త పనిచేసింది అదొక్కటే.

ఫోన్‌లో ఆయన ఆ ఉపాయం చెప్పాక ఇక ఆగలేకపోయాను. చెప్పేశాను. ముందు లోపలికి ఎందుకు వెళ్లానో, డాక్టర్ ఏమన్నాడో, 'గోలీలు రాస్తుండు' అన్నది దేనికి బదులో. ఒక్క జోకు కూడా రాలేదు. చెబుతుంటే నడుం ఏమీ తగ్గలేదు. తగ్గుతుందేమోనని కొంచెం ఆశపడ్డాను, దాచడం ఎందుకు. ఛాతీలో మాత్రం ఏదో కదిలి చోటు అయింది. ఆ హాయికి కూడా సిగ్గేసింది. అది కూడా ఆయన దగ్గర తీసుకున్నట్టే ఉంది.

అటు నుంచి ఫ్యాను చప్పుడు. ఉప్పు మూట పక్కన పెట్టిన చప్పుడయింది. వదిన ఫోన్ దగ్గరికి తీసుకుంది.

"తమ్మీ, గిప్పటి నొప్పన్న నీదేనా?"