మేస్త్రీని పడేసే ఆట

వేలూరు పక్కన తొరపాడిలో మా అత్త ఇంట్లో టీవీకి తగిలించి ఆడే ఆటపెట్టె ఉండేది. మామ మద్రాసు పోయినప్పుడు కొనుక్కొచ్చాడు. వీధి మొత్తానికి అదొక్కటే కాబట్టి మా బావకు కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఆ ఆటలో ఒకడు చక్రాల పలక మీద నిలబడి మెట్లు, గోడలు, ఇనుప కమ్మీలు అన్నిటి మీదా జారుతుంటాడు. అలాంటి బండిని మా ఊళ్లలో ఎవరూ కళ్లతో చూసి ఎరగరు. మేము దాన్ని పలకాట అనేవాళ్లం.

నేను ఆ ఇంటికి సరదాకి పోలేదు. మా నాయన గుడియాత్తంలో మేస్త్రీ. మామ వేలూరులో కాంట్రాక్టుకు తీసుకున్న మేడకు సిమెంటు పూస్తూ నాయన పైనుంచి పడి, తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. అమ్మ ఆయన దగ్గరుంది. నన్ను అత్త ఇంట్లో వదిలారు. పరంజాను మా వైపు అరవంలో లాగే సారం అంటాం. పలకరించడానికి వచ్చినవాళ్లకు కాఫీ ఇస్తూ మా అత్త, "సారం మీదినుంచి పడినాడు, ఇంగ మా అన్నలో సారమేముండాది?" అనేది. తన మాటకు తానే నవ్వేది. తోడబుట్టిన మనిషి! ఆ కాఫీ ఆమె మొహానే కొట్టాలనిపించేది నాకు.

కొడుకు తల్లిని మించాడు. ఆ ఆటలో మనిషిని మనకు నచ్చినట్టు తయారు చేసుకోవచ్చు. బావ నల్లటి ఒళ్లు, మీసం, బట్టతల పెట్టి ఒకణ్ణి చేశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో మేస్త్రీ అని పేరు కొట్టాడు. ఇక స్నేహితులను పిలిచి కూర్చోబెట్టుకుని, వాణ్ణి ఎత్తయిన చోటికల్లా ఎక్కించి కిందికి దూకించడమే పని. వాడు తలకిందులుగా పడి నెత్తురు చిమ్మితే అందరూ చప్పట్లు కొట్టేవారు.

"ఏమ్మే, మీ నాయన మళ్లా పడినాడు, పోయి కట్టు గట్టిరాపో" అనేవాడు బావ.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నేను ఏడవలేదు. ఏడిస్తే వాడికి ఇంకా సంబరం. నాయన కంట ఇది పడకూడదని మాత్రం కనిపించిన దేవుడికల్లా మొక్కుకున్నాను.

ఆస్పత్రి నుంచి పంపించిన రోజు, నన్ను తీసుకుపోదామని నాయన చంకకర్రల మీద ఆ ఇంటికే వచ్చాడు. అమ్మ వీధిలో ఆటో మాట్లాడుతోంది. లోపల ఆట నడుస్తోంది. నేను టీవీకి అడ్డంగా నిలబడి, "బస్సు పోతాది, రా నాయనా" అన్నాను. ఆయనకు అరవం తప్ప చదవడం రాదు, పేరు పోల్చుకోలేడని ఒక ధైర్యం. ఆయన నన్ను పక్కకు జరిపి, సోఫా అంచున మెల్లగా కూర్చున్నాడు.

"ఎవురప్పా వాడు, పట్టుకొనేదానికి ఏమీ లేకుండా అంత మీదికి ఎక్కినాడే?"

"నువ్వే మామా" అన్నాడు బావ. స్నేహితులు నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకున్నారు. బావ వాణ్ణి మిద్దె మీదినుంచి తోసేశాడు.

నాకు నేలలోకి కూరుకుపోవాలనిపించింది. నాయన నవ్వలేదు, కోప్పడలేదు. టీవీలో పడ్డవాడు లేచి, తన పలక దగ్గరికి రెండు కాళ్ల మీదా నడిచిపోయాడు. నాయన చంకకర్రలు పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"ఇంగొకతూరి పడెయ్ నాయనా" అన్నాడు బావతో. "ఎట్లా లేచినాడో నేను సరిగ్గా చూడలేదు."