క్యోటోలో కార్తీక వానలు

ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారూ నేనూ ఒకరినొకరు భరించలేకపోయాం. ఇద్దరిలో జీతం లేనివాణ్ణి నేనే కాబట్టి బడి వదిలిందీ నేనే. ఆ తర్వాత నెల్లూరులో ఒక బైండింగు షాపులో మూడేళ్లు సూదీ దారం పట్టడం నేర్చుకుని, సూళ్లూరుపేటకు తిరిగొచ్చి మా ఇంటి అరుగు మీదే పని పెట్టుకున్నాను. బడిలో పుస్తకాల నడుములు విరగ్గొట్టిన పాపానికి మిగిలిన బతుకంతా వాటి నడుములు కడుతూ కూర్చున్నానని మా అమ్మ అనేది.

అరవైల మధ్యలో ఒక వేసవిలో, స్టేషను దగ్గరున్న గ్రంథాలయం నుంచి మొదటిసారి నాకొక మూట వచ్చింది. బీరువా కింది అరకు చెదలు పట్టాయట. సెక్రటరీ గారు పన్నెండు పుస్తకాలు పంపి, ఇవి బాగా చేస్తే బీరువా మొత్తం పని నీకేనని కబురు పెట్టారు. వాటిలో పదకొండు ఏమిటో ఇప్పుడు నాకు గుర్తు లేదు. పన్నెండోది తెలుగులోకి వచ్చిన ఒక జపాను నవల. అట్టా మొదటి పేజీలూ చెదలు తినేశాయి. గ్రంథాలయం రిజిస్టరులో కూడా ‘జపాను నవల’ అనే రాసుకున్నారు. రాసినాయన పేరు చెదలకే తెలియాలి.

పుస్తకం విప్పి, దులిపి, ఫారాలను అరుగు మీద ఎండబెట్టాను. ఫారం అంటే పదహారు పేజీల మడత. అలాంటి మడతలు వరుసగా పెట్టి కుడితేనే పుస్తకం. పులికాటు సరస్సు మీదుగా వచ్చే మధ్యాహ్నపు గాలి నన్ను అడక్కుండా వాటన్నిటినీ కలిపేసింది. మామూలుగా అయితే కంగారు లేదు, పేజీ అంకెలు చూసి పేర్చుకోవచ్చు. అంకెలుండే కింది అంచును చెదలు ముందే ఆరగించాయి. ఇక ఒకటే దారి. చదవాలి.

అప్పటివరకు నేను కుట్టిన పుస్తకాలు వందల్లో ఉంటాయి, చదివింది సున్నా. వంటవాడు ఆకలి లేకుండా వండినట్టు కుట్టేవాణ్ణి. తెగిన వాక్యాన్ని మరో ఫారంలో వెతికి అతికిస్తూ పోయాను. రెండో రోజుకు వెతకడం మర్చిపోయి కథలో పడ్డాను.

క్యోటో అనే పాత రాజధాని. మూడు వైపులా కొండలు, నడుమ ఏరు, ఏటి మీద వంతెనలు. వీధికి ఇరుకుగా, లోపలికి పొడుగ్గా ఉండే చెక్క ఇళ్లు. అలాంటి ఒక ఇంట్లో కాగితపు గొడుగులు చేసే ముసలాయన, ఆయన కోడలు. కొడుకు పోయాడు. ఆమె పుట్టింటివాళ్లు వచ్చేయమంటున్నారు. కథ అంతే. ఆ రాసినాయన మాత్రం వెదురు ఊచల మీద కాగితం ఎలా అతికిస్తారో, జిగురు ఎంత పలచగా ఉండాలో, తేమ గాలికి ఎన్ని రోజులకు ఆరుతుందో రాశాడు. రాజుల గురించి, ప్రేమల గురించి పుస్తకాలు రాస్తారని విన్నాను గానీ జిగురు గురించి ఇంత మర్యాదగా రాసే మనిషి ఈ లోకంలో ఉంటాడని నాకు తెలియదు. ఆ రోజు నా మైదా జిగురు గిన్నెను కాస్త గౌరవంగా పక్కకు జరిపాను.

నవలలో నాలుగు భాగాలు. ప్రతి భాగమూ కొత్త ఫారంతో మొదలవుతుంది. భాగాల మీద అంకె లేదు, పేరు లేదు, చిన్న పువ్వు బొమ్మ మాత్రం ఉంది. పూల భాగంలో మామా కోడలూ కలిసి ఏటిగట్టున పూలు చూస్తారు. ఎర్రాకుల భాగంలో ముసలాయన ఒక్కడే భోజనానికి కూర్చుని, అలవాటుగా రెండు గిన్నెలు పెట్టి, ఒకటి తీసి లోపల దాస్తాడు. వాన భాగంలో ఆమె ప్రయాణానికి సిద్ధమైతే, ఆమె కోసం చేసిన గొడుగుకు జిగురు ఆరలేదని అబద్ధం చెప్పి రెండు రోజులు ఆపుతాడు. మంచు భాగం చివర ఆ గొడుగు మంచు మోసుకుని గుమ్మం ముందుకు వస్తుంది. తలుపు తీసేలోపే పుస్తకం అయిపోతుంది.

పూలు ముందు, మంచు ఆఖరు. అందులో అనుమానం లేదు. మిగిలినవి వాన, ఎర్రాకులు. దీనికి ఆలోచన ఎందుకు? మాకు వానలంటే కార్తీకం, చలికి కాస్త ముందు. ఆకుల తర్వాత వాన పెట్టి, బిగించి కుట్టి, కాలికో గుడ్డతో అట్ట వేసి పంపించాను. సెక్రటరీ గారు నడుము తట్టి చూసి మెచ్చుకున్నారు. పుస్తకం నడుమే లెండి.

ఆ పుస్తకాన్ని ముందుగా తీసుకెళ్లింది మిషన్ బడి టీచరమ్మ. మా వీధి చివరే ఉండేది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. గ్రంథాలయంలో నెలకో ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు చదివిన పుస్తకం గురించి మాట్లాడేవారు. ఎవరో ఒకరు అంటే మగవాళ్లలో. ఆ నెల తను మాట్లాడతానని అక్క అడిగింది. కమిటీలో ముగ్గురు వద్దన్నారు. రెండు వారాలు తిరిగి ఒప్పించుకుంది. ఒప్పుకున్న సెక్రటరీ గారు కూడా, ఆమె మధ్యలో ఆగిపోతే పనికొస్తుందని, ఆరోగ్యం మీద ఉపన్యాసం తెలిసిన ఒక పెద్దాయనకు ముందే చెప్పి పెట్టుకున్నారు, లారీకి స్టెప్నీ మాదిరి. ఇది తప్పితే ఇంకో ఆడమనిషికి ఆ మాట్లాడే బల్ల దక్కదని అందరికీ తెలుసు, అక్కకు మరీ.

దారిలో నన్ను ఆపి తను చెప్పబోయేది వినిపించింది. కోడలు వెళ్లింది రెండుసార్లట. మొదటిసారి ఆకుల కాలంలో, చెప్పకుండా. తిరిగొచ్చి, వానల్లో మళ్లీ బయల్దేరింది. ఒకసారి ఖాళీ గిన్నె చూసినవాడు కాబట్టే ముసలాయన రెండోసారి జిగురు పేరు చెప్పి అబద్ధమాడాడట. అన్ని పేజీలూ నా చేతుల మీదుగానే పోయాయి, అందులో ఇంత ఉందని నేను కనిపెట్టలేదు.

సభకు ముందురోజు, ఎప్పుడో మనుబోలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక మాజీ సిపాయి తన పాత కాగితాలు కుట్టించుకోవడానికి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మన పటాలంతో జపానులో ఏడాదిపైగా ఉన్నాడు, సెలవులో క్యోటో కూడా చూశాడు. ఆ ఊరిని నేనే కట్టించినట్టు ఆయనకు కథ చెప్పడం మొదలుపెట్టాను.

“ఆగబ్బయా,” అన్నాడు. “ఆకులు ఎర్రబడినాక వానలేంది?”

“కార్తీకంలో గాక ఇంకెప్పుడు పడతాయన్నా?”

“నీ సూళ్లూరుపేటలో పడతాయి. ఆడ మన మామిడిపళ్లు అయిపోయే రోజుల్లో పట్టుకుంటే నెల దాటినా వదలదు. నా బూట్లకి బూజొచ్చి మా సుబేదారు చేత తిట్లు తిన్నా. ఆకులు ఎర్రబడేటప్పటికి ఆకాశం అద్దం మాదిరి ఉంటది.”

ఇంకేముంది. కోడలు వెళ్లింది ఒక్కసారే. రెండోసారి పంపింది నేను.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ సిపాయి అన్న గ్రంథాలయానికి రోజూ పేపరు చూడటానికి వెళ్లే మనిషి. సభలో లేచి ఆ మాటే అంటే అక్క పని అంతే. ఆదివారం ఆరాధన అయ్యేదాకా చర్చి బయట నిలబడ్డాను. అక్క రాగానే, వాన ఆకులకంటే ముందు పడాలని, కుట్టడంలో తప్పు నాదేనని చెప్పేశాను. ఆమె సంచిలోంచి పుస్తకం తీసి, ఆ గోడ నీడలోనే నిలబడి వెనక్కీ ముందుకీ తిప్పింది.

“అయితే ఆ గిన్నె ఇంకా చూడకముందే అబద్ధం చెప్పినాడన్నమాట,” అంది.

“ఎవరికీ తెలియదక్కా. సిపాయి అన్నని ఈ పూట మనుబోలు పంపించేస్తా.”

“నాకు తెలిసిందిగా,” అని రాసుకున్న కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం హాలు నిండింది. ఆడమనిషి తడబడితే చూద్దామని వచ్చినవాళ్లే ఎక్కువ. స్టెప్నీ పెద్దాయన ముందు వరుసలో గొంతు సవరించుకుంటున్నాడు. నేను బీరువా పక్కన, పారిపోవడానికి వీలుగా గుమ్మం దగ్గర నిలబడ్డాను.

అక్క కాగితం తియ్యలేదు. ముందు తను చదివిన వరసలోనే కథ చెప్పింది, రెండు ప్రయాణాలూ, గిన్నె, అబద్ధం. జనం కదల్లేదు. అప్పుడు, ఈ పుస్తకాన్ని మన ఊరి వానల ప్రకారం కుట్టిన మనిషి ఇక్కడే ఉన్నాడని చెప్పింది. అందరూ వెనక్కి తిరిగారు. నేను కూడా తిరిగి చూశాను, ఎవరా అని. నవ్వులు ఆగాక సిపాయి అన్న లేచి, ఎవరూ అడక్కుండానే తన బూట్ల బూజు సంగతి సాక్ష్యం చెప్పి కూర్చున్నాడు.

“ఖాళీ గిన్నెను చూసినవాడు అబద్ధం చెప్పడం నాకు సులువుగానే అర్థమైంది,” అంది అక్క. “చూడకముందే చెప్పినవాణ్ణి అర్థం చేసుకోవడానికి ఈ మధ్యాహ్నమంతా పట్టింది.”

ఆ తర్వాత గంటసేపు ఆ ముసలాయన గురించే మాట్లాడింది. సభ అయ్యాక కూడా వద్దన్న ముగ్గురిలో ఒకాయన ఆమెను వదలకుండా, క్యోటోలో ఏటికి వరద వస్తే ఆ చెక్క ఇళ్ల గతేమిటని అడుగుతూనే ఉన్నాడు. ఆరోగ్యం మీద ఉపన్యాసం ఈనాటికీ ఎవరూ వినలేదు. వచ్చే నెల ఏ పుస్తకం గురించి మాట్లాడతారని సెక్రటరీ గారే ఆమెను అడిగారు. నన్ను మాత్రం పుస్తకం చేతికిచ్చి, ఈసారి జపాను వానలతో కుట్టుకుని రమ్మన్నారు.

దారం కోసి, భాగాలు విడదీసి, వానను ఆకుల ముందుకు జరిపాను. అట్ట వేసేముందు ఆ వరసలో ఒకసారి చదివాను. ఇప్పుడు ముసలాయనకు ఏ గిన్నే తెలియదు. ఏం జరగబోతుందో తెలియకుండానే జిగురు ఆరలేదంటున్నాడు. అక్క చెప్పింది నాకు అప్పుడు అందింది, సగం. మిగతా సగం కోసం మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంతలో పుస్తకం ఏదని సెక్రటరీ గారు వచ్చి మా అరుగు ముందు నిలబడ్డారు. రోహిణి కార్తె ఎండ. అరుగు మీద చెయ్యి పెడితే కాలుతోంది.

“ఇంకో రెండు రోజులండీ,” అన్నాను. “జిగురు ఆరలేదు.”

ఆయన ఎండ వైపు చూసి, నా వైపు చూసి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.