కూర్చుని చదివిన అసర్

మా అత్తమ్మ నాకు పడవ నేర్పడం తెడ్డుతో మొదలుపెట్టలేదు. పైభాగం కోసేసిన నూనె డబ్బా ఒకటి చేతికిచ్చి, పడవ అడుగున ఊరే నీళ్లు తోడి బయట పొయ్యమంది. తెడ్డు ఎప్పుడిస్తావు అత్తమ్మా అని అడిగితే, "నీళ్లు ఏడికెళ్లి వస్తానయో నీకు ఎర్కైనంక ఇస్త. అందాక తోడు," అనేది.

నేను కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగాను. మా అబ్బా, అంటే నాన్న, రైల్వేలో పనిచేసేవారు. బడి నుంచి రాగానే బస్తీలో ఆపా అని అందరం పిలిచే పెద్దావిడ దగ్గర ఖురాన్, నమాజ్ నేర్పే దీన్ చదువు చదువుకునేదాన్ని. పెద్దయ్యాక నేనే చిన్నపిల్లలకు చెప్పాను. నీళ్లంటే నాకు తెలిసింది నల్లా నీళ్లే. అలాంటిదాన్ని ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డున, చేపలు పట్టి బతికే ఇంటికి కోడలిగా వచ్చాను.

ఆ ఒడ్డున ఒక పద్ధతి ఉంది. వల విసిరే మనిషి పడవ మొన మీద నిలబడతాడు. వీపు వెనక ఏం జరుగుతోందో అతనికి కనిపించదు. అందుకని వెనక తెడ్డు పట్టేది ఇంటి మనిషే కావాలి, ఎక్కువగా భార్యే పడుతుంది. మా మామయ్య వల వేసినంత కాలం అత్తమ్మే తెడ్డు వేసింది. ఆయన పోయాక కొడుకు మొన మీదికి వచ్చాడు, ఆమె మాత్రం వెనకే కూర్చుంది. నా పెళ్లయ్యేనాటికి ఆమె భుజం పట్టేసింది. ఇక తెడ్డు ముట్టొద్దని దవాఖానలో గట్టిగా చెప్పినా, నాకు వచ్చేదాకా తానే నెట్టుకొచ్చింది. ఆమెకు ఉన్నది ఒక్కడే కొడుకు. నాకు తెడ్డు ఇవ్వడమంటే ఆ ఒక్క కొడుకు వీపును నా చేతుల్లో పెట్టడమే.

పక్క పడవ నడిపే ఆమెను అత్తమ్మ వదినా అని పిలిచేది, ఆమె కూడా అత్తమ్మను అలాగే పిలిచేది. నేను డబ్బాతో కుస్తీ పడుతుంటే ఆమె ఊరుకునేది కాదు.

"ఏం వదినా, రైలు పిల్లతోని పడవ నడిపిస్తవా? నీళ్ల మీద పట్టాలు ఏస్తవా ఏంది?"

"పట్టాలెందుకు వదినా, సిగ్నల్‌కు నేనున్న గదా!"

అత్తమ్మ పాఠాలు ఒక వరుసలో వచ్చేవి కావు. అన్నం వండుతూ ఒకటి చెప్పేది, వల చిక్కులు తీస్తూ ఇంకొకటి. పడవ ఎక్కే ముందు ఆకాశం కాదు, నీళ్లు చూడమనేది. నీళ్లు ఎర్రబడి, నురగతో పుల్లలు కొట్టుకొస్తుంటే ఎగువ నుంచి వరద వస్తోందని అర్థం. ఆ రోజు ఎంత ఎండ కాసినా పడవ కట్టు విప్పకూడదు. అవతలికి దాటేటప్పుడు మొనను ప్రవాహానికి కాస్త ఎదురుగా పెట్టాలి, లేకపోతే గోదావరి మనల్ని ఎక్కడికో దింపేస్తుంది. చున్నీ కొసలు వదులుగా వేలాడకుండా నడుముకు బిగించాలి. వల తాడును ఎంత బరువు లాగుతున్నా చేతికి చుట్టుకోకూడదు.

"పడవ బోర్ల పడ్డా తేల్తది బిడ్డా. దాన్ని ఇడిసిపెట్టి ఒడ్డుకు ఈదుదామని పోతెనే మునుగుతవ్. పడవనే పట్టుకొని ఉండు."

లైఫ్ జాకెట్ కట్టుకోనిదే ఎవరినీ పడవ ఎక్కనిచ్చేది కాదు. మా ఆయనకు అది నామోషీ.

"నాయన కట్టుకున్నడా ఏనాడన్న?"

"మీ నాయనకు ఈత వచ్చు. నీకు మాటలొచ్చు. కట్టుకో."

అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటుంది. పడవలో ఎప్పుడూ ఒక్కరే నిలబడాలి. వల వేసేవాడు లేచాడంటే మిగిలినవాళ్లు కూర్చునే ఉండాలి, ఏం జరిగినా సరే.

వానలు తగ్గి నీళ్లు తేటపడ్డాక నాకు తెడ్డు ఇచ్చింది. పక్కన తాను ఉంటేనే. ఒక మధ్యాహ్నం ముగ్గురం వెళ్లాం. మా ఆయన మొన మీద, అత్తమ్మ నడుమ, నేను వెనక. విసిరిన వల నీళ్ల అడుగున ఏదో మొద్దుకు తట్టుకుంది. ఆయన నిలబడి లాగుతున్నారు, అది రావడం లేదు. ప్రవాహానికి పడవ అటూ ఇటూ మొగ్గుతోంది. పొద్దు వాలుతోంది. అసర్ వేళ, అంటే పొద్దుగూకే ముందు చదివే నమాజ్ వేళ, దాటిపోతోంది. చిన్నప్పటి నుంచి నేను ఒక్క నమాజ్ కూడా పోనిచ్చేదాన్ని కాదు.

మా అబ్బా రైలు ప్రయాణంలో కూడా నిలబడే నమాజ్ చదివేవారు. తలుపు దగ్గరి దారిలో కాళ్లు ఎడంగా పెట్టి, బండి ఎంత ఊగినా తొణకకుండా. మా ఇంట్లో అది ఒక గొప్ప. మేమూ అలాగే చదివేవాళ్లం. రైల్లో నిలబడిన మనిషికి ఈ పడవ ఎంత అనుకున్నాను. తెడ్డు పక్కన పెట్టి, పడమటి వైపు తిరిగి, లేచి నిలబడి చేతులు చెవుల దాకా ఎత్తాను.

పడవ ఒక్కసారిగా ఒరిగింది. అంచు మీది నుంచి నీళ్లు లోపలికి దూకాయి. మా ఆయన మోకాళ్ల మీద పడి, తాడు వదిలేసి అంచు పట్టుకున్నారు. తాడు సర్రున జారి వలతో సహా పోయింది. అది ఆయన చేతికి చుట్టుకుని ఉంటే ఏమయ్యేదో నేను ఈనాటికీ ఊహించను. అత్తమ్మ నా కమీజు పట్టి కిందికి లాగింది, తాను రెండో వైపుకు ఒరిగి పడవ అడుగున పడుకుంది. పడవ ఇంకోసారి ఊగి నిలిచింది.

పిక్కల దాకా నీళ్లు. ఎవరూ చెప్పకుండానే నా చేయి డబ్బా అందుకుంది. ఆ ఒక్క పని నాకు వచ్చు. తోడుతూనే ఉన్నాను. అత్తమ్మ ఆ పట్టేసిన భుజంతోనే తెడ్డు వేసి, ఇసుక దిబ్బ చాటున నీళ్లు మెల్లగా ఉన్న చోటికి పడవను చేర్చింది. మా ఆయన వెదురు గడ అడుగుకు దించి పడవను నిలిపారు.

"వక్తు పోతాంది. కూసోని చదువు," అంది అత్తమ్మ.

"కూసోనా అత్తమ్మా?"

"కూసోనే. నిలవడితే ఏమైతదో చూస్తివి గదా."

ఏడుస్తూ చదివాను. నా తర్వాత ఆమె చదివింది.

ఒడ్డుకు చేరాక పక్క పడవ ఆమె ఎదురొచ్చింది. "ఏం వదినా, వల ఏది?"

"గోదారికి ఇచ్చినం," అంది అత్తమ్మ. ఇంటి గుమ్మం దగ్గర ఆగి నాతో మెల్లగా అంది: "రేపటికెల్లి పడవెక్కకు బిడ్డా. నాకు ఒక్కడే కొడుకు."

నేను డబ్బా గుమ్మం పక్కన పెట్టి లోపలికి నడిచాను.

పొద్దుగూకాక మగ్రిబ్ నమాజ్ చదివి అత్తమ్మ మళ్లీ లేచింది. గోడ పట్టుకుని, మోకాళ్ల నొప్పికి పళ్లు బిగించి, ఇంకో నమాజ్‌కు నిలబడబోయింది. పడవకు వెళ్లిన రోజల్లా ఆమె అలా చదవడం నేను పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను. అదనపు పుణ్యానికి చదువుతోందనుకునేదాన్ని. ఆ రోజు మాత్రం అడిగాను.

"పడవల కూసోని చదివినయ్ లెక్కకు రావు గద బిడ్డా. నిలవడే కాళ్లుండి కూసుంటిని. అందుకే ఇంటికొచ్చి మళ్ల చదువుత."

"ఎన్నాళ్ల నుంచి?"

"మీ మామతోని తెడ్డు పట్టినకాన్నుంచి."

ఆ మాటకు నాకు మా ఆపా ముందు కూర్చున్న పాత సాయంత్రం గుర్తొచ్చింది. "వస్తాయి అత్తమ్మా, లెక్కకు వస్తాయి. నేను చదువుకున్నాను," అన్నాను.

"నీకు పడవనే తెల్వది. పడవల నమాజ్ తెల్సా?"

అలా అన్నదే గాని ఆమె కళ్లు నా మీది నుంచి కదల్లేదు. నేను కాజీపేటకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆపా అంతా విని చెప్పారు: "పడిపోతామనే భయం ఉంటే పడవలోనైనా రైల్లోనైనా కూర్చునే చదవాలమ్మా. ఆ నమాజ్ పూర్తయినట్టే. మళ్లీ చదవక్కర్లేదు." తర్వాత నా వంతు వచ్చింది. "ఇది నీకు చెప్పలేదా నేను? కాజీపేటలో పడవెక్కడిది ఆపా, రైలు గురించి చెప్పండి అని నవ్వింది నువ్వు కాదూ? నవ్వి, ఇప్పుడు పడవలో నిలబడ్డావా?"

అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఫోన్ వైపు వంగింది. "అయితే అప్పట్ల పడవల చదివినయన్ని అయినట్టేనా అమ్మా?"

"అయినట్టేనమ్మా. ఇంట్లో చదివినవీ ఊరికే పోవు, అల్లాహ్ ఇచ్చేవాడు."

"మరి నా మోకాళ్లు ఎవరిస్తరు?" అని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె అంత తేలిగ్గా నవ్వడం నేను అప్పుడే చూశాను. ఆ రెండో నమాజ్‌కు ఇక లేవలేదు. కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

మరునాడు అసర్ వేళకు నన్ను పిలిచింది. "నడువ్, పడవ కాడికి."

"ఎక్కొద్దన్నావు కదా!"

"నీకు తెలిసింది నువ్వు పడవల మర్చిపోయినవ్. నేను నిలవడొద్దన్న గని, నమాజుకు గూడ అని చెప్పకపోతి. ఇద్దరి పాఠం సగమే అయింది. నడువ్."

పడవను ఒడ్డునే కట్టి నన్ను అందులో కూర్చోబెట్టింది. నమాజ్‌కు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ కోసం అంచు మీదికి వంగకుండా డబ్బాతో నీళ్లు ముంచుకోమంది. తెడ్డును అడుగున పొడవునా పెట్టమంది. నేను చదువుతుంటే తాను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పడవను ఊపేది. నడుం ఎంత వంచితే బరువు ఎటు పోతుందో నా ఒంటికి తెలియాలని. పక్క పడవ ఆమె కేకేసేది: "ఏం వదినా, కోడలికి ఉయ్యాల ఊపుతానవా?"

"ఊపుతాన. నువ్వు గూడ ఎక్కు, జోల పాడుత!"

అలా ఎన్నో సాయంత్రాలు. ఊగుతున్నప్పుడు లేవాలని నా కాళ్లు తొందరపడటం మానేశాయి. తర్వాత ఆమె నడుమ కూర్చుని ఉండగా నదిలోకి వెళ్లి వచ్చాం, మళ్లీ మళ్లీ. కొత్త వల కూడా వచ్చింది. ఒక రోజు కట్టు విప్పాక చూస్తే అత్తమ్మ ఒడ్డు మీదే ఉంది.

"ఎక్కవా అత్తమ్మా?"

"ఎక్క. ఫికర్ జెయ్యకు, నీళ్లు మంచిగున్నయ్." నా జాకెట్ ముడి ఒకసారి లాగి చూసింది. తర్వాత మంచి చేత్తో పడవను నీళ్లలోకి తోసింది. "వాని వీపు నీకే ఇస్తాన బిడ్డా."

ఇప్పుడు అసర్ వేళకు మేం ఆ ఇసుక దిబ్బ చాటుకు చేరి గడ దించుతాం. ఒకరు చదువుతుంటే ఒకరు నీళ్ల మీద కన్ను పెడతారు. కూర్చునే చదువుతాను. చివర మొదట కుడివైపు, ఆ తర్వాత ఎడమవైపు తల తిప్పి సలాం చెప్పాలి. ఒళ్లు కదలకుండా మెల్లగా తల ఒక్కటే తిప్పుతాను. ఎడమవైపు మా ఊరి ఒడ్డు. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అత్తమ్మ తన నమాజ్ చదువుతుంటుంది, ఒక్కసారే. సలాం ముగించి, అల్లాహ్‌కు కృతజ్ఞతగా అల్హమ్దులిల్లాహ్ అనుకుని, తెడ్డు అందుకుంటాను.