రాతిగోడ ఈగలు, మా డ్రాయింగ్ సార్

మా డ్రాయింగ్ సార్ పోయారని పోయిన ఆదివారం పొద్దున ధర్మవరం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయన పోయినాడు మేడమ్, తెల్లారుజామున" అంది. ఏడ్చాను. ఏడుస్తూనే, నాకంటే ముందు ఇంకెవరికి చేసిందోనన్న కుళ్లు ఒకటి లోపల మెదిలింది. ఆయన విషయంలో నా మనసు ఎప్పుడూ ఇంతే.

తొంభైల్లో పెనుకొండ హైస్కూల్లో నేను సైన్సు టీచర్ని. స్కూలు వెనక పాత రాతిగోడ సందుల్లో కుట్టని తేనెటీగలు ఉన్నాయని మొదట కనిపెట్టింది నేనే. నల్లగా, చీమకంటే కాస్త పెద్దగా ఉంటాయి. గూటి వాకిట్లో మైనంతో సన్నని గొట్టం కట్టుకుంటాయి. నాలుగు గూళ్లున్నాయి. ఏది గోడ చివర నుంచి ఎంత దూరమో టేపుతో కొలిచి రిజిస్టరులో రాసుకున్నాను. ఒకరోజు మా స్కూలు డ్రాయింగ్ సార్ వచ్చి "ఏం చూస్తాండారు మేడమ్?" అన్నారు. చూపించాను.

నెల తిరక్కుండానే ఆయన కోట రాళ్లలో, బుక్కపట్నం దారి చింతతొర్రల్లో పదకొండు గూళ్లు పట్టేశారు. నేను సెలవులన్నీ ఎండలో తిరిగినా ఒక్కటీ దొరకలేదు. ఎలా సార్ అంటే, "పోయే ఈగ ఎనకాల పోతే ఏం దొరకదు మేడమ్. గూటికి వచ్చే ఈగ ఎనకాల పోవల్ల" అనేవారు. చేతిలో టీ గ్లాసు చల్లారిపోయేదాకా కదలకుండా కూర్చునేవారు. ఆ తర్వాత భూతద్దం పెట్టి, కాలి మీది వెంట్రుకలతో సహా ఈగను గీసేవారు.

ఆ బొమ్మలూ, నేను స్పిరిట్లో వేసిన ఈగలూ కలిపి బెంగళూరులోని ఒక శాస్త్రవేత్తకు పంపాం. అవి ఏ జాతివో చెబుతూ జవాబు వచ్చింది. కవరు మీద డ్రాయింగ్ సార్ పేరే ఉంది. ఆ పెద్దాయన స్వయంగా వచ్చి, సార్‌తో సాయంత్రం దాకా కోటంతా తిరిగాడు. నేను స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. పిల్లల మార్కులు ఆ రోజు సరిగ్గా పడి ఉండవు.

ఆ వేసవిలో సార్ చెల్లెలి కూతురి పెళ్లికని కనగానపల్లి వెళ్లారు. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఆ గోడకు సిమెంటు పూయిస్తాండా. ఈగలుండే సందులు మూసేస్తే ఏమన్నా ఇబ్బందా మేడమ్?" అని అడిగారు.

"ఆ ఈగలు డ్రాయింగ్ సార్‌వి కదా, ఆయన్నే అడగండి" అన్నాను.

ఆయన వచ్చేదాకా ఎవరూ ఆగలేదు.

సార్ తిరిగొచ్చేసరికి గోడ నున్నగా ఉంది. కాళ్లకు పుప్పొడి అంటించుకొచ్చిన ఈగలు, గుర్తులన్నీ మాసిపోయి, తడి సిమెంటు పొడవునా తిరుగుతున్నాయి. ఆయన మేస్త్రీ దగ్గర ఉలి, సుత్తి తెచ్చుకున్నారు గానీ ఎక్కడ కొట్టాలో తెలియలేదు. పరుగెత్తి రిజిస్టరు తెచ్చాను. గోడ చివర నుంచి టేపు పట్టి కొలవడం మొదలుపెట్టాను.

"హెడ్మాస్టరు నన్ను అడిగారు సార్. నేనే వద్దని చెప్పలేదు."

"తెల్సు మేడమ్. ఆయప్ప చెప్పినాడు." టేపు రెండో కొస అందుకున్నారు. "టేపు గట్టిగా పట్టుకోండి. జారుతాండాది."

నాలుగింటిలో రెండు బతికాయి.

తర్వాత పదేళ్లు ఇద్దరం కలిసే తిరిగాం. తేనె కోసం గోడలు పెకిలించేవాళ్లను బతిమాలాం. పూత వేసే ముందు కబురు చెయ్యమని మేస్త్రీల ఇళ్లకు వెళ్లి చెప్పాం. ఎక్కడో దూరాన ఉన్న రొళ్ల నుంచి కూడా కబుర్లు వచ్చేవి, ఎప్పుడూ ఆయనకే. "మేడమ్‌ను పిల్చుకొనొస్తా" అని చెప్పి, ఆయన నా కోసం బస్టాండులో ఆగేవారు. ఆ ఆగడం చూసినా నాకు అసూయే, అంత మంచితనం నాకెందుకు రాలేదని.

ఫోనొచ్చిన ఆ ఆదివారం, నేనిప్పుడుండే హిందూపురం నుంచి రైల్లో ధర్మవరం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. పక్కగోడ పగులులో మైనపు గొట్టం ఒకటి కనిపించింది. దాని ముందే గుంజ పాతబోతుంటే, లోపల కూర్చున్న ఆయన భార్య లేచి వచ్చింది.

"ఆడ వద్దప్పా, ఈ పక్కకు జరుపుకోండి. నీడ పడితే ఇల్లు గుర్తుపట్టవు."

వాళ్లు గుంజ జరిపారు. గోడ మీద ఎండ అలాగే ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్కొక్కటే లోపలికి దూరుతున్న ఈగలను చూస్తూ నిలబడింది.