వీపున్న కుర్చీ

చొక్కాల కార్ఖానాలో మడతల మేస్త్రి అంటే ఆషామాషీ మనిషి కాదు. ఆయన మడతపెట్టిన చొక్కా మీద ఈగ వాలితే జారిపడి కాలు విరగ్గొట్టుకునేది. కాలరు కింద పట్టీ, వెనకాల అట్ట, చేతులకు గుండుసూదులు, రెప్పపాటులో సరుకు పెట్టెలో ఉండేది. ఎటొచ్చీ నడుమే మాట వినడం మానేసింది. పొద్దస్తమానం నిలబడి చేసే పని మరి. ఇంకొన్నాళ్ళు ఇలాగే నిలబడితే మంచం దిగలేవని డాక్టరు తెగేసి చెప్పాడు. మంచమెక్కితే ఉద్యోగం ఊడినట్టే. అందుకని మేస్త్రి యజమాని కాళ్ళావేళ్ళా పడి, కూర్చోవడానికి ఏదో ఒకటి ఇప్పించమన్నాడు.

ఒకటి కాదు, రెండు వచ్చాయి. మేస్త్రికో స్టూలు, పక్క బల్ల దగ్గర మడతలు పెట్టే బావమరిదికో కుర్చీ. పెళ్ళికాని ఆ కుర్రవాణ్ణి పనిలో పెట్టించిందీ మేస్త్రే. స్టూలు మీద కూర్చోగానే ఆయనకు స్వర్గం కనిపించింది. నొప్పి ఎటు పోయిందో పోయింది. ఆ సుఖంలో తల పక్కకు తిప్పాడు. బావమరిది కుర్చీకి వీపుంది.

అంతే, పోయిన నొప్పి చుట్టపక్కాలను వెంటేసుకుని తిరిగొచ్చింది. స్టూలు మారలేదు, నడుమూ మారలేదు. మారిందల్లా పుర్రెలోని తక్కెడ. అది మనందరికీ ఉంటుంది లెండి. మనకొచ్చింది తూచడం దానికి చేతకాదు, పక్కవాడికొచ్చిందే తూస్తుంది.

“బావా, ఇందులో నువ్వు కూర్చో. నాకు స్టూలు చాలు,” అన్నాడు బావమరిది.

“నువ్వు దయతలిస్తే కూర్చోవాలా నేను? నాకు న్యాయం కావాలి గానీ కుర్చీ కాదు.”

అని మేస్త్రి లేచి నిలబడ్డాడు. మర్నాడూ నిలబడే ఉన్నాడు. దారినపోయే ప్రతివాడికీ తనకు జరిగిన ఘోరం వినిపించాడు. చెవులు చిల్లులు పడ్డ యజమాని చివరికి ఇద్దరినీ సమానంగా చూశాడు. కుర్చీ, స్టూలు రెండూ తీయించేశాడు.

ఆ సాయంత్రం మేస్త్రి గోడలు పట్టుకుంటూ, యుద్ధం గెలిచిన మహారాజులా ఇల్లు చేరాడు. బోర్లా పడుకుని, నడుముకు మందు రాస్తున్న భార్యకు విజయగాథంతా చెప్పాడు.

“ఇంతకీ మీకేం ఒరిగింది?” అందామె.

“మీ తమ్ముడికీ లేదుగా.”

ఆ క్షణాన ఆయన మొహంలో వెలుగుకు వీధి దీపాలు సిగ్గుపడి ఆరిపోయాయి. భార్య చెయ్యి ఆగింది. సీసా మూత బిగించింది.

“వాడూ నిలబడే చేశాడు కదా పాపం. వాడికి రాసేవాళ్ళు లేరు. మీకొక్కరికే రాస్తే అన్యాయం కదండీ,” అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.