రేగడి మీద మసీదు గోడ

1958 జూన్‌లో నన్ను గుంటూరు నుంచి ఒక పత్తిమిల్లుల ఊరికి పంచాయతీ ఓవర్సీరుగా బదిలీ చేశారు. ఓవర్సీరంటే ఇంజనీరుకు కింద, మేస్త్రికి పైన. ఇద్దరి చివాట్లూ తినేది మేమే.

నా మొదటి పని ఊరి చివర ఒక మసీదు తనిఖీ. కరువుకు కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన దూదేకులవాళ్ళు పగలు మిల్లులో పనిచేసి, సాయంత్రాలు ఇళ్ళవెంట తిరిగి పరుపుల దూది ఏకి, ఆ డబ్బుతో ఈ మసీదు కట్టుకుంటున్నారు. కప్పు వేసేలోపే తొలకరి పడింది. నమాజుకు అందరూ తిరిగే పడమటి గోడే అడుగు నుంచి నెత్తిదాకా పగిలింది.

పక్కన తవ్వించి చూస్తే పునాది మోకాటి లోతు లేదు. నాకు ఒళ్ళు మండింది. ఇది గోడా, అప్పడమా అని కేకలేశాను. వాళ్ళ పెద్ద మస్తాన్ సాయిబు తొణకలేదు.

"మా తట్టు ఎర్రనేల సార్. ఇంతే తీస్తాం. మా తాత కట్టిన గోడ ఇంకా ఉండాది."

అదీ నిజమే. ఎర్రనేల కదలదు. ఇక్కడిది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు దిగేంత నెర్రెలిస్తుంది, మీదున్న గోడను ఊరికే ఉండనివ్వదు. నిబంధన ప్రకారం నేను రాయాల్సింది ఒక్కటే: గోడ ప్రమాదకరం, కూల్చాలి. ఆ మాట చెప్పగానే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా మనసూ చివుక్కుమంది.

"కూలుస్తాం సార్. మళ్లా ఎట్ల కట్టాలో కూడా మీరే చెప్పాల," అన్నాడు మస్తాన్ సాయిబు.

అంతకుముందు నన్నెవరూ అలా అడగలేదు. పుల్లతో నేలమీద గీసి చెప్పాను. గట్టినేల తగిలేదాకా తవ్వాలి, ఇసుక నింపి తడిపి దిమ్మిసలతో కొట్టాలి, ఆపైన రాయి పేర్చాలి. అయితే అంత ఇసుక వాగునుంచి తోలాలంటే బళ్ళు కావాలి. వాళ్ళలో ఒక్కరికీ ఎద్దు లేదు.

పక్క చేలో గుంటక తోలుతున్న రైతు వెంకటప్పయ్య అంతా వింటున్నాడు. గట్టుమీద నుంచే కేకేశాడు.

"ఒరేయ్ మస్తానూ, బళ్ళు మేం కడతాం లేరా! నువ్వు ఏకిన పరుపు మీద పడుకుంటూ నీ మసీదుకు ఇసుక తోలకపోతే మాకు నిద్ర పడుతుందంట్రా?"

గోడను దూదేకులవాళ్ళే దించారు, రాయి మళ్ళీ పనికొచ్చేలా జాగ్రత్తగా. మరుసటి రంజానుకు కప్పు కింద నమాజు జరిగింది. రిటైరయ్యాక వెళ్ళి చూశాను. గోడకు వెంట్రుకంత నెర్రె లేదు.

ఆ ఊరి తర్వాత, కూల్చాలి అని రాసిన ప్రతి రిపోర్టు కిందా మళ్ళీ ఎలా కట్టాలో కూడా రాశాను. ఆ రెండో మాట రాయమని ఏ నిబంధనా అడగదు. కట్టుకున్నవాడు అడుగుతాడు.